మామ గీకేసిన పేరు

నేను కాపురానికి వచ్చింది ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి సంవత్సరం. మాది కరీంనగర్ దగ్గర పల్లె. అత్తవారిది గోదావరి దాటాక లక్సెట్టిపేటకు నడిచి పోగలిగినంత దూరంలో ఉన్న ఊరు. మా ఆయన బడిపంతులు. నేనూ మిషన్ బోర్డింగులో చదివి, టీచరు ట్రైనింగు చేసి, బడిలో పాఠాలు చెప్పేదాన్నే. మా మామ ఉపదేశి. పాస్టరుగారు రెండు మూడు నెలలకొకసారి గాని మా వైపు వచ్చేవారు కారు. మిగిలిన ఆదివారాలు ప్రార్థన నడిపేది, పిల్లలకు అక్షరాలు దిద్దించేది, ఎవరైనా పోతే నాలుగు మాటలు చెప్పి మట్టి చేయించేది మామే. మాదిగవాడ చివర మిషన్ కట్టిన రెండు గదుల పెంకుటింట్లో ఉండేవాళ్లం. ముందు వసారాలోనే ప్రార్థన జరిగేది.

మామకు ఒక నియమం ఉండేది. ఏడాదికొకసారి వేదపుస్తకాన్ని మొదటి పుట నుంచి చివరి పుట దాకా, ఒక్క అధ్యాయం కూడా వదలకుండా, ఇంట్లో అందరూ వింటుండగా పొద్దున్నే చదవాలి. కథలు వచ్చినప్పుడు నాకు బాగానే ఉండేది. పేర్ల పట్టికలు మొదలైతే మాత్రం ప్రాణం విసిగేది. ఫలానావాడు ఫలానావాణ్ణి కన్నాడు, వాడు మరొకణ్ణి కన్నాడు... ఒకచోట వరసగా తొమ్మిది అధ్యాయాలు పేర్లే. నేను వచ్చిన మొదటి ఏడు అవి చదివిన మూడు రోజులూ గోడకు చేరగిలబడి కునికిపాట్లు పడ్డాను. చివరి రోజు ఉండబట్టలేక అడిగాను.

"మామా, గీ పేర్ల అధ్యాయాలు ఇడిసిపెట్టి ముందుకు పోతే ఏమైతది?"

మా ఆయన నా వైపు గుడ్లురిమి చూశారు. మామ కోపగించుకోలేదు. కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకుంటూ అన్నారు:

"బిడ్డా, నీ తాత పేరు నీకు ఎరుకే. తాతకు తాత పేరు చెప్పు సూద్దాం."

నేను వేళ్లు మడుచుకుంటూ తాత తండ్రి దాకా వెళ్లి ఆగాను.

"దొరకైతే ఏడు తరాల పేర్లు నోటికి చెప్పెటోళ్లు ఉన్నరు. పట్వారి దఫ్తర్ల భూమి ఉన్నోని పేరే ఉంటది. మనోళ్లను ఎవ్వలు రాసిండ్రు? ఓరేయ్ అని పిలిసెటోళ్లే గని, పేరు వెట్టి పిలిసినోడు లేకుండె. గీ దేవుణ్ణి సూడు. గొర్లు కాసినోణ్ణి, కట్టెలు కొట్టినోణ్ణి, గుడారం బట్టలు మోసినోణ్ణి సుత ఒక్కొక్కణ్ణి పేరు వెట్టి రాపిచ్చుకున్నడు. నువ్వు నిద్ర వొయ్యే తొమ్మిది అధ్యాయాలే నాకు అన్నిటికంటె పెద్ద ఆశీర్వాదం."

అప్పుడు వేదపుస్తకం ముందున్న ఖాళీ కాగితం తిప్పి చూపించారు. సన్నటి, నిటారు అక్షరాలతో ఆయన రాసుకున్న మా ఇంటి వంశావళి అది. ఆయన పిల్లవాడిగా ఉన్నప్పుడు మా కులానికి వంశం చెప్పేవాళ్లు మూడు నాలుగేళ్లకొకసారి వచ్చి, ఒక్కో ఇంటి తాతముత్తాతల పేర్లు పాడి, గింజలు తీసుకొని పోయేవారట. వాడంతా క్రైస్తవులయ్యాక పెద్దలు వాళ్లను రావద్దన్నారు. తెలియక చివరిసారి వచ్చిన ముసలాయన్ను మామ ఇంటి వెనక కూర్చోబెట్టి, అన్నం పెట్టి, మా వంశాన్ని పాడించుకుని పెన్సిలుతో రాసుకున్నారు. ఏడు తరాలు. ఆ ఏడో తరం మామ. దాని కింద ఆయన పిల్లలు.

నేను ఆ కాగితాన్ని దగ్గరగా పట్టుకుని చూశాను. వేరే ఊళ్లో కాపురమున్న మా బావగారి పేరుకూ మా ఆయన పేరుకూ మధ్య ఒక వరుస లేదు. ఎవరో కత్తి మొనతో గీకేశారు. అక్కడ కాగితం ఎంత పలచబడిందంటే అవతలి పుటలోని అక్షరాల నీడ కనబడుతోంది.

"గిదేంది మామా?" అన్నాను.

ఆయన పుస్తకం మూసి లేచి వెళ్లిపోయారు. ఆ సాయంత్రం మా ఆయన్ను అడిగితే, "నాకో అక్క ఉండె. సచ్చిపోయింది. మల్ల అడగకు" అన్నారు.

చచ్చిపోయిన పిల్ల పేరు ఎవరూ గీకెయ్యరు. అంత మాత్రం నాకు తెలుసు. కాని కొత్త కోడలిని. ఊరుకున్నాను.

రెండో ఏడు నాకు ఆడపిల్ల పుట్టింది. మూడోవారం బాప్తిస్మం అయింది. ఆ మధ్యాహ్నం మామ సిరాబుడ్డి, కలం తీసుకొని కూర్చుని, ఎంతో సంతోషంగా నా బిడ్డ పేరు వంశావళిలో రాశారు. "ఎనిమిదో తరం తర్వాత తొమ్మిదోది. ఆడివిల్లయితేంది? రాయాలె" అన్నారు. గుమ్మంలో నిలబడి చూస్తున్న అత్తమ్మ ఒక్కసారిగా కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి వెళ్లిపోయింది. నేను పిల్లను చంకనేసుకుని వెనకాలే వెళ్లాను. విసుర్రాయి ముందు కూర్చుని ఉంది. విసరడం లేదు. ఉత్త రాయిని తిప్పుతోంది.

"ఏమైంది అత్తమ్మా?"

"నా బిడ్డ సావలేదే" అన్నది. "మందమర్రిల ఉన్నది. బొగ్గుబాయిల దవాఖాన్ల ఆయాగ చేస్తది. దానికో బిడ్డ."

ఆ రోజు విన్నదాన్ని ఇంతకాలం తర్వాత కూడా నేను నిండుగా చెప్పలేను. పోలీసు యాక్షన్ జరిగిన ఏడు మా జిల్లాల్లో తుపాకులు పట్టుకుని ఎవరెవరో తిరిగేవారు. బోర్డింగు మూసేసి పిల్లలను ఇళ్లకు పంపించారు. పదిహేడేళ్ల మా వదినె ఇంకొక పిల్లతో కలిసి నడిచి వస్తోంది. ఆ రెండో పిల్ల చేలల్లో పడి పరుగెత్తి బతికిపోయింది. వదినె నాలుగో రోజు ఇంటికి వచ్చింది. వాళ్లెవరని ఎవరు అడిగినా చెప్పలేదు. ఊళ్లో ఒకరు ఒక పేరు చెప్పారు, ఇంకొకరు ఇంకొక పేరు చెప్పారు. తర్వాత నెలలు గడిచాయి. దాచి ఉంచగలిగినంత కాలం అత్తమ్మ దాచింది.

"ఎవ్వలు ఎల్లగొట్టుమన్లే" అన్నది అత్తమ్మ. "సంగపోళ్లు అడగలే, పాస్టరు అడగలే. మీ మామనే భయపడ్డడు. ఉపదేశి ఇంట్ల గిట్లయితే రేపు నా మాట ఎవ్వలింటరన్నడు. బెల్లంపల్లికి పనికి పోయెటోళ్ల ఎంబటి దాన్ని పంపిచ్చిండు. అది బండెక్కిన తెల్లారి కత్తి తీసుకున్నడు. నేను ఎదురుంగనే ఉన్న. చెయ్యి వట్టుకోలే. నాది సుత తప్పే."

బెల్లంపల్లిలోనే ఆ పిల్ల పుట్టింది. తర్వాత మందమర్రిలో కొత్త బాయిలు తవ్వినప్పుడు వదినె అక్కడికి మారింది. పదేళ్లలో అత్తమ్మ రెండుసార్లు మాత్రం, కంటి డాక్టరుకు చూపించుకుంటానని చెప్పి వెళ్లి చూసి వచ్చింది.

ఆ ఎండాకాలం అత్తమ్మకు మూడోసారి కన్ను నొచ్చింది. ఈసారి నేను తోడు వెళతానన్నాను. మంచిర్యాల దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకొకటి. మందమర్రిలో దిగేసరికి నా బిడ్డ మొహం మీద నల్లటి పొడి సన్నగా పడింది. తుడిస్తే చారలయింది. వరసగా ఒకేలా ఉన్న క్వార్టర్లు, ప్రతి గుమ్మం ముందూ బొగ్గుల కుంపటి రాజుకుంటోంది. ఒక గుమ్మంలో తెల్లచీర కట్టుకున్న పొడుగాటి మనిషి బియ్యం ఏరుతూ తలెత్తి చూసింది. అచ్చం మామ ముఖం.

"కన్ను ఎట్లున్నదే అవ్వా?" అన్నది నవ్వుతూ.

అత్తమ్మ నవ్వబోయి ఏడ్చింది. వదినె లేచి ముందు నా చేతుల్లోంచి పిల్లను అందుకుంది. "తమ్ముని బిడ్డనా? గీ ముక్కు మా తమ్మునిదే" అన్నది. నన్ను నిలువునా చూసి, "నువ్వు టీచరమ్మవట గద. కూసో" అన్నది. ఆ మాటలో కొంచెం ఎడం ఉంది. ఉండదా మరి.

ఆమె కూతురికి పదేళ్లు. జడలో ఎర్ర రిబ్బను, కుదురుగా కూర్చునే తీరు. కాసేపటికి నా దగ్గరకు వచ్చి, "అత్తమ్మా, నువ్వు బడిల రిజిస్టర్ రాస్తవా?" అని అడిగింది.

"రాస్త. ఎందుకే?"

"మా బడిల తండ్రి పేరు కాడ 'తెలియదు' అని రాసిండ్రు. మా అవ్వ పేరు రాయుమన్న. గట్ల రాయద్దంట. నువ్వైతే రాస్తవా?"

 ఆ గడిని నేను ఎన్నిసార్లు నింపానో నాకు తెలుసు. అందులో ఒక ఆడదాని పేరు రాయవచ్చని ఒక్కసారి కూడా తోచలేదు. ఒక తల్లి పిల్లను తెచ్చి నిలబెట్టి తలవంచుకుంటే, నేను కలం పట్టుకుని "తండ్రి పేరు?" అని రెండోసారి గట్టిగా అడిగిన రోజులు గుర్తొచ్చాయి.

వదినె అదంతా చూస్తూనే ఉంది. కూతురితో, "గా పుస్తకం తే. పేర్ల పుట సదువు, మీ అమ్మమ్మ ఇంటది" అన్నది. పిల్ల ఒక చిన్న కొత్త నిబంధన తెచ్చి మొదటి పుట చదివింది. అబ్రాహాము దగ్గర మొదలైన వంశావళి. తడుముకోకుండా, పాట చదివినట్టు చదివింది. 'కనెను' అని వచ్చిన ప్రతిసారీ అత్తమ్మ పెదవి విరుస్తోంది. చివరికి, "నాకు పెండ్లయిన కాడ్నుంచి ఇంటున్న. మొగోళ్లు కనుడేందో, నొప్పులు వడ్డోళ్ల ముచ్చటే లేదు" అన్నది. అందరం నవ్వాం. ఆ ఇంట్లో ఆ రోజు నవ్వింది అప్పుడొక్కసారే.

"ఉన్నది అవ్వా. సరింగ ఇంటలేవు" అన్నది వదినె.

పిల్ల చేతిలోంచి పుస్తకం తీసుకుని వేలితో చూపించింది. అన్ని మగ పేర్ల నడుమ నాలుగు చోట్ల ఆడవాళ్లున్నారు. మొదటి ఆమె తామారు, విధవ. భర్త తండ్రే ఆమెకు అన్యాయం చేసి, మళ్లీ ఆమెనే తగలబెట్టమన్నాడు. రెండో ఆమె రాహాబు. ఊరి గోడ మీద ఉండే ఆమె ఇంటికి ఎవరెవరు వచ్చేవారో ఊరందరికీ తెలుసు. మూడో ఆమె రూతు. పరాయి దేశం పిల్ల, ఇంకొకరి చేలో పరిగె ఏరుకుని బతికింది. నాలుగో ఆమె పేరే లేదు. ఫలానా సైనికుడి భార్య అని మాత్రం ఉంది.

"గీమెను సూడు టీచరమ్మా" అన్నది వదినె ఆ నాలుగో చోట వేలు ఆనించి. "రాజు మనుషులొచ్చి పిలుసుకపోయిండ్రు. తుపాకులు లేవేమో, బల్లాలుంటయి గద. పోనంటే ఊకుంటరా? మనూళ్లె అయితే ఆమెనే ఆడివోసుకుందురు. గిండ్ల రాసినాయన ఏం జేసిండు? ఆమె మొగని పేరు రాసిపెట్టిండు. సదివినోళ్లందరికి రాజు చేసిన పాపం యాదికి రావాలెనని. తప్పు ఎవలిదో గాళ్ల మీదనే పెట్టిండు."



"బెల్లంపల్లికి వచ్చినంక రెండుసార్లు బాయిల దుంకుదామనుకున్న" అన్నది తర్వాత, బియ్యం చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంటూ. "గీ పేజీ ఒక్కటి నన్ను ఆపింది. గా నలుగురు లేకుంటే ఏసు పుట్టుక లేదు. ఆఖరుకు ఆయన తల్లిని సుత లోకం ఏమన్నదో ఎరుకే గద. గంత మందిని దేవుడు సిగ్గు వడకుంట తన ఇంటోళ్లని చెప్పుకున్నడు. బాపు రోజు సదువుతడు. నోటితోని సదివిండు గని ఎన్నడన్న ఇన్నడా?"

సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చాం. దారంతా అత్తమ్మ కళ్లు మూసుకునే ఉంది. నాకు మాత్రం బోర్డింగు రోజుల నుంచి విన్న ఆ పుట మొదటిసారి వినిపించినట్టయింది. నేను బీడు అనుకుని కునికిపాట్లు పడిన చోటనే ఒక మనిషి నీళ్లు తాగి బతికింది.

అయిదారు నెలలు ఆ మాటను నాలోనే దాచుకున్నాను. పాత నిబంధన పూర్తయి, చలి మొదలయ్యే రోజుల్లో మామ కొత్త నిబంధన మొదటి పుటకు వచ్చారు. ఎప్పటిలాగే గొంతెత్తి చదివారు. ఆ నాలుగు పేర్ల దగ్గర ఆయన గొంతు ఆగలేదు, తగ్గలేదు. నాకు ఎక్కడి నుంచి ధైర్యం వచ్చిందో తెలియదు.

"మామా, గీండ్ల గీ నలుగురు ఆడోళ్లను ఎందుకు రాసినట్టు?"

"పాపులను సుత దేవుడు వాడుకుంటడని రాసిండ్రు బిడ్డా."

"పాపం వాళ్లదా మామా? నాలుగో ఆమెను రాజు మనుషులు తోలుకపోయిండ్రు గద. మరి మనింటి కాయితం మీదికెళ్లి..."

 అత్తమ్మ నేల మీద చేతులు ఆనించింది. మా ఆయన లేచి, "నోర్మూస్తవా లేదా!" అని అరిచారు.  పుస్తకం తెరిచే ఉంది. మామ వేలు ఆ వరుస మీదే ఉంది. చాలాసేపటికి, "ఎవలు చెప్పిండ్రు నీకు?" అన్నారు.

"వదినె చెప్పింది. మందమర్రి పోయినం."

మరునాడు పొద్దున ప్రార్థన లేదు. ఆ మరునాడూ లేదు. నేను వచ్చాక అలా జరగడం అదే మొదలు. మా ఆయన నాతో మాట మానేశారు. అన్నం పెడితే తినేవారు, అంతే. నేను చేసింది తప్పేమోనని నాకూ అనిపించేది. పదేళ్లు మూసిపెట్టిన పుండును గెలికాను. మానుతుందన్న నమ్మకం నాకేం ఉందని?

నాలుగోరోజు మామ గొడుగు పట్టుకుని, ఎక్కడికో చెప్పకుండా బయలుదేరారు. పొద్దు వాలాక తిరిగి వచ్చి, కాళ్లు కడుక్కుని, తినకుండా పడుకున్నారు. ఏం జరిగిందో తర్వాత వదినె చెబితేనే తెలిసింది. ఆమె డ్యూటీలో ఉంది. ఈయన వెళ్లి అరుగు మీద కూర్చున్నారు. మనవరాలు బడి నుంచి వచ్చి, ఎవరో ముసలాయన దూపతో ఉన్నాడని చెంబుతో నీళ్లిచ్చింది. ఈయన తాగి పేరు అడిగారు. చెప్పింది. "మీరెవలు?" అని పిల్ల అడిగితే, "ముసలోణ్ణి బిడ్డా, జర సేపు కూసున్న" అని లేచారు. వదినె సందు మొదట్లోకి వచ్చేసరికి గొడుగు పట్టుకుని వెళ్లిపోతున్న తండ్రి వీపు కనిపించింది.

"పిలవాలనిపియ్యలేదా వదినె?" అని అడిగాను నేను.

"అనిపిచ్చింది. నోరు రాలే" అన్నది.

వచ్చిన ఆదివారం వసారా నిండా జనం. మామ ప్రసంగం చెయ్యలేదు. నిలబడి, తన కూతురికి జరిగింది, తను చేసింది, వరసగా చెప్పారు. ఒక్క మాట కూడా మెత్తగా చెప్పుకోలేదు. "అది పాపం చెయ్యలే. చేసినోళ్లు ఎవలో దేవునికి ఎరుక. వాళ్ల తర్వాత పాపం చేసినోణ్ణి నేను" అన్నారు. సంఘపెద్ద ఒకాయన, మామకు చిన్ననాటి స్నేహితుడు, "పదేండ్ల కింది ముచ్చట గిప్పుడెందుకు తీస్తవు? కూసో" అన్నాడు. అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి ఒక ముసలవ్వ లేచింది. "గా ఏడు నా కోడలు సుత..." అని మొదలుపెట్టి, కొడుకు ముఖం చూసి కూర్చుండిపోయింది.  ఎన్ని ఇళ్లలో ఎంత దాగి ఉందో ఆ ఒక్క నిమిషంలో అందరికీ అర్థమైంది. అదే చాలామందికి కోపం తెప్పించింది.

తర్వాత ఆదివారం సగం మంది రాలేదు. ఆ ముసలవ్వ ఇంట్లోంచి ఒక్కరూ రాలేదు. మూడు నెలలకు మిషన్ నుంచి మామకు కబురు వచ్చింది. వయసయింది, విశ్రాంతి తీసుకోమన్నారు. మర్యాదగానే చెప్పారు. ఇల్లు కొత్తగా వచ్చే ఉపదేశికి కావాలి. మేం లక్సెట్టిపేటలో ఒక కిరాయి ఇంట్లోకి మారాం. సామాను బండిలో పెడుతుంటే మా ఆయన నాతో అన్న మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది: "నీ ఒక్క ప్రశ్నకు మా బాపు బతుకంత ఊడ్సుక పోయింది."  అందులో నిజం లేకపోలేదు. వాళ్లక్క సంగతి మాత్రం ఆయన అప్పటికీ ఎత్తలేదు. ఆమె ఎత్తుకుని తిప్పిన తమ్ముడాయన. ఆ సిగ్గే కోపమై నా మీద పడిందని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

లక్సెట్టిపేటకు వచ్చాక మామ ఇంకోసారి మందమర్రి వెళ్లారు. ఈసారి అత్తమ్మను, నన్ను వెంట తీసుకొని. వదినె ఇంట్లోనే ఉంది. ఆయన గుమ్మం దాటలేదు. నిలబడే, "బిడ్డా, నీ పేరు మల్ల రాస్త. నువ్వు ఊ అను" అన్నారు.

వదినె వెంటనే కరిగిపోలేదు. "నువ్వు గీకంగనే పోయిందా, నువ్వు రాయంగనే అస్తదా బాపు?" అన్నది. "నా పేరు రాసుకున్నోడు రాసుకున్నడు. నువ్వు రాయాలెననుకుంటె పిల్లది రాయి. దాని కొరకు రాయి. నేను మాత్రం గా ఇంటికి మల్ల రాను."

ఆయన తల ఊపారు. అప్పుడు పిల్ల ఆయన్ను గుర్తుపట్టి, "నీళ్లు తాగిన తాత!" అన్నది. ఆయన గుమ్మంలోనే కూలబడ్డారు. వదినె చూస్తూ నిలబడింది గాని చెయ్యి పట్టి లేపలేదు. అత్తమ్మే లేపింది.

ఇంటికి వచ్చి రాయబోతే ఆ గీకిన చోట సిరా పాకిపోయింది. పాత కాగితం నీరు తాగినట్టు తాగేసింది. మామ బజారు నుంచి మందపాటి తెల్లకాగితం తెప్పించి మొత్తం మళ్లీ రాయడానికి కూర్చున్నారు. ఈసారి ప్రతి మగవాడి పక్కన అతని భార్య పేరు కూడా రాస్తానన్నారు. తన పక్కన అత్తమ్మ పేరు. తండ్రి పక్కన తల్లి పేరు. తాత దగ్గరకు వచ్చేసరికి కలం ఆగింది.

"మా నాయినమ్మ పేరేంది?" అన్నారు అత్తమ్మతో.

"నాకేమెరుక? ముసలవ్వ అనే పిలుసుడు."

ఆయన ఊరికి తిరిగి వెళ్లి, తనతో మాట మానేసిన వాళ్ల ఇళ్లకు కూడా వెళ్లి, పండు ముసలివాళ్లందరినీ అడిగారు. ఆమె చేతి రొట్టె ఎలా ఉండేదో వాళ్లు చెప్పారు. పాము కరిస్తే ఆకుమందు వేసేదని చెప్పారు. పేరు ఎవరికీ తెలియదు. ఆమె పైన నాలుగు తరాల ఆడవాళ్లూ అంతే. వంశం పాడినవాళ్లు వాళ్ల పేర్లు పాడలేదు. ఈయనా ఆ రోజు అడగలేదు. కొత్త కాగితం మీద అయిదు చోట్ల ఖాళీ వదిలి, ఒక్కో ఖాళీలో 'ఒక తల్లి' అని రాశారు. కింద తన ముగ్గురు పిల్లలను వరసలో రాసి, వదినె పక్కన ఆమె కూతురి పేరు రాశారు. రాయడం అయ్యాక పెద్ద పని చేసినట్టు లేదు ఆయన ముఖం. ఏదో పోగొట్టుకుని వెతుకుతున్న మనిషిలా ఉన్నారు.

ఆ తర్వాత పొద్దుటి చదువు మళ్లీ మొదలైంది. ఇంట్లో మేమే వినేవాళ్లం. పేర్ల అధ్యాయాలు వచ్చినప్పుడు ఆయన పాతలా గొంతెత్తి చదివేవారు కారు. ఒక్కో పేరు దగ్గర ఆగేవారు. "గీనె తల్లి ఎవలో" అనుకునేవారు పైకే. నేనిక కునికిపాట్లు పడలేదు. బడిలో కొత్త పిల్లలను చేర్చుకునేటప్పుడు, తల్లి ముఖం చూసి, తండ్రి పేరు అడగకుండానే ఆ గడిలో తల్లి పేరు రాసిన సందర్భాలు మూడు నాలుగున్నాయి. ఒకసారి తనిఖీకి వచ్చిన ఆయన మందలించారు. తర్వాత కూడా రాశాను.

మామ అరవై ఆరులోనో అరవై ఏడులోనో వానాకాలం పోయారు. పక్షవాతం వచ్చి మూడు వారాలు మంచంలో ఉన్నారు. వదినెకు కబురు పంపితే రాలేదు. మందు పంపింది. దవాఖానాలో దొరికే పౌడరు, ఒంటికి పుండ్లు పడకుండా ఎలా పక్కకు తిప్పాలో ఒక కాగితం మీద రాసి కూతురి చేతికిచ్చి పంపింది. ఆ పిల్లకు అప్పటికి పదిహేడు నిండాయి. రెండు రోజులు ఉండి, నర్సులా తాతను తిప్పి పడుకోబెట్టి, దగ్గర కూర్చుని చదివి వినిపించింది. మాట పడిపోయిన ఆయన ఆ పిల్ల మణికట్టును వదలలేదు.

మట్టి చేసిన మూడోరోజు మధ్యాహ్నం వదినె వచ్చింది. అదే తెల్లచీర. మేం ఊరి నుంచి మారిపోయాం కాబట్టి 'ఆ ఇంటికి మళ్లీ రాను' అన్న మాట తప్పలేదని తనే అన్నది. అందులో నవ్వు లేదు. మా ఆయన గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నారు. వదినె దగ్గరకు పోయి, "ఇగ ఇటు మల్లు తమ్మీ, మన పిల్లలే పెద్దగైతున్నరు" అన్నది. ఆయన తిరిగి ఆమె కాళ్లు పట్టుకుని, మామ పోయినప్పుడు కూడా ఏడవని మనిషి, పెద్దగా ఏడ్చారు. నేను లోపలికి వెళ్లిపోయాను. ఆ మాటలు నేను వినవలసినవి కావు.

సమాధి దగ్గరకు వస్తావా అని అడిగితే వదినె, "ఇప్పుడు కాదు" అన్నది. ఆయన్ను క్షమించిందా లేదా అని నేను ఎప్పుడూ అడగలేదు. ఆమె తనంతట తాను చెప్పలేదు. నీళ్లు కాగబెట్టమని నాతో చెప్పి, అత్తమ్మను తీసుకుపోయి తలంటి పోసింది. మూడు రోజులుగా ముద్ద ముట్టని అత్తమ్మ ఆమె కలిపి పెడితే తిన్నది.

సాయంత్రం బస్సుకు వదినె లేచింది. పొద్దున్నే డ్యూటీ ఉందన్నది. అప్పుడు అత్తమ్మ రెండు చీరలు మూటకట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏడికే అవ్వా?" అన్నారు మా ఆయన.

"బిడ్డ ఎంబడి" అన్నది. "మీ బాపు ఉన్నన్ని దినాలు ఆయన తాన ఉన్న. ఇగ దాని తాన ఉంట."

మా ఆయన ఆపబోయారు. నేను వద్దన్నట్టు చెయ్యి పట్టుకున్నాను. బస్టాండు దాకా మూట నేనే మోశాను. వదినె ముందు ఎక్కి, చెయ్యి చాపి తల్లిని పైకి లాక్కున్నది. ఆ తర్వాత అత్తమ్మ బతికినన్నాళ్లూ మందమర్రి క్వార్టరులోనే ఉంది.